మాల వేసుకుని మానేసిన మాత్ర

తిరుత్తణి కొండకు మూడువందల అరవై అయిదు మెట్లు. ఒక్కో మెట్టు మీదా చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. ఒక్క అక్షరం అబద్ధమైనా నా నాలుక పిడచగట్టుకు పోవాలి. "నువ్వు మెట్లెక్కి ఎన్నేండ్లయింది? బస్సులో కదా పైకి పోతావు" అని మా ఇంటామె అడ్డు తగిలింది. బస్సెక్కి పోయినా కొండ అదే కొండ, సామి అదే సామి.

ముప్ఫై ఏళ్ళు మందులిచ్చాను. మొదటి నాలుగేళ్ళు తిరువళ్ళూరులో, మణవాళనగర్ దగ్గర ఒక మందుల షాపులో. మిగతా కాలమంతా తిరుత్తణిలో ఒక ఆసుపత్రి ఫార్మసీలో. కిటికీకి ఇవతల నేను, అవతల పళ్ళిపట్టు బస్సు, ఆర్.కె.పేట బస్సు దిగి వచ్చిన జనం. బోర్డు మీద ఫార్మసిస్టు అని ఉన్నా అందరికీ నేను కాంపౌండరన్ననే. నా వీపు వెనక ఇంకో పేరుంది, కోతలన్న. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు కానీ మనిషిని చూసే పెట్టారు.

యాభై నాలుగేళ్ళకే ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు ఫార్మసీ చదివి ఆ కిటికీ వెనక నిలబడబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. రిజిస్టర్లు ఎట్లా రాయాలో మీ పైవాళ్ళు చెప్తారు. నేను చెప్పేది మీ నోటి గురించి. మన ఉద్యోగంలో చేతి కంటే ఎక్కువ పొరపాట్లు చేసేది అదే.

బలం మాత్ర

నా మొదటి యజమాని ఏకాంబరం గారు. నుదుట మూడు వేళ్ళ విభూతి, చెవి మీద పెన్సిలు. మందు చేతికిచ్చాక కూడా మనిషిని వదిలేవారు కాదు. "ఇప్పుడు నేను చెప్పింది నువ్వు చెప్పు" అనేవారు. వచ్చినవాడు బడిలో పాఠంలా అప్పజెప్పాల్సిందే. వెనక లైనులో ఎవరైనా బస్సుకు టైమయిందని గొణిగితే, "బస్సు మళ్ళా వస్తాది. కిడ్నీ వస్తాదా?" అనేవారు.

ఒకసారి ఆయన భోజనానికి పోయినప్పుడు ఒక పెద్దాయన వచ్చాడు. చక్కెర జబ్బుతో అరికాళ్ళ మంటలు. డాక్టరు రాసింది దిగులు జబ్బుకు వాడే మాత్ర. "ఇది దేనికి నాయనా?" అన్నాడు. కాళ్ళ మంటకు దిగులు మాత్ర ఎందుకో చెప్పాలంటే అరగంట పడుతుంది. పైగా అప్పటికి నాకూ తెలియదు. "బలానికి తాతా" అనేశాను.

పది రోజులకే మళ్ళీ వచ్చాడు. నెలకు సరిపడే మాత్రలు అయిపోయాయి. బలానికే కదా అని భార్యకు రోజుకొకటి, అల్లుడికి రోజుకొకటి పెట్టాడట.

"ఇప్పుడు అల్లుడెట్లా ఉన్నాడు తాతా?" అన్నాను.

"బలం సంగతి తెల్దు నాయనా. మాట్లాడతా మాట్లాడతానే నిద్రపోతా ఉండాడు."

ఏకాంబరం గారు పక్కనే ఉండి అంతా విన్నారు. ఆ అల్లుణ్ణీ ముసలామెనూ పిలిపించి డాక్టరుకు చూపించి, పరవాలేదనిపించుకున్నాకే కూర్చున్నారు. అప్పుడు నా వైపు తిరిగి, "ఒరే, ప్రతి సీసాకూ లేబులుంటాది. నీ నోటికి కూడా ఒకటి అంటించాల, వాడే ముందు బాగా విచారించుకోవలెను అని" అన్నారు.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, మాత్ర గురించి ఇక అబద్ధం చెప్పనని. గమనించండి, మాత్ర గురించి. నా గురించి చెప్పనని నేను ఎవరికీ మాటివ్వలేదు.

మంగక్క గుంత

మంగక్కది ఆర్.కె.పేట దగ్గర పల్లె, నేత కుటుంబం. ఆమె నన్ను అన్నా అనేది, నేను ఆమెను అక్కా అనేవాణ్ణి. ఎవరు పెద్దో ఇద్దరమూ తేల్చుకోలేదు.

వాళ్ళది గుంత మగ్గం. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: ఇంట్లో నేలను తవ్వి గుంత తీస్తారు. నేసే మనిషి గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న పలకలు తొక్కుతూ పైన చేతులతో నేస్తారు. చీరను చేతులు నేస్తాయని కొనేవాళ్ళు అనుకుంటారు. సగం నేసేది కాళ్ళే.

మంగక్క కుడికాలు మొరాయించింది. నడుములో మొదలైన మంట పిర్ర మీదుగా మడమ దాకా దిగేది. "కరెంటు తీగ తొక్కినట్టుంటాదన్నా" అనేది. స్కాన్ తీశారు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నొప్పి మాత్రలు మింగి మింగి కడుపులో పుండు పడింది. మగ్గం మీద సగం నేసిన చీర నెలల తరబడి అట్లాగే ఉండిపోయింది.

ఆమె భర్త నరసింహులు చెడ్డవాడు కాదు, మాటకు మెత్తదనం లేదంతే. "ఆడికృత్తిక దాకా చూస్తా. అప్పటికీ కూచోలేకపోతే గుంత పూడ్చేసి సిమెంటు పోసేస్తా. దినమూ దాన్ని చూసి ఇది ఏడ్చేది నేను చూళ్ళేను" అని నా కిటికీ దగ్గరే అన్నాడు. ఆడికృత్తిక అంటే తమిళుల ఆడి నెలలో తిరుత్తణి కొండ మీద జరిగే మురుగన్ సామి పండగ. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టింది మంగక్క.

మా ఆసుపత్రిలో సెల్వి డాక్టరమ్మ అని ఉండేవారు. రోజూ తిరువళ్ళూరు నుంచి లోకల్ రైల్లో వచ్చేవారు. ఆమె మంగక్కకు డ్యులోక్సిటిన్ అనే క్యాప్సూల్ రాశారు. చీటీ తీసుకుని మంగక్క కిటికీ దగ్గరకు వచ్చింది, మొహం ముడుచుకుని.

"మా పాప ఫోన్లో చూసినాదన్నా. ఇది మనసు బాగలేనోళ్ళకు ఇచ్చే మాత్రంట. నాకు నొప్పి కాల్లోనా, తలకాయలోనా?"

ఈసారి అబద్ధం చెప్పలేదు. "అక్కా, అరక్కోణం జంక్షన్ చూసినావు కదా. చెన్నై బండి వేరే, తిరుపతి బండి వేరే. అయినా రెండూ ఆ జంక్షన్ మీదనే పోవాల. వొంట్లో నొప్పి బండి, దిగులు బండి కూడా అంతే. ఈ మాత్ర జంక్షన్లో కూచుని సిగ్నలేసే మనిషి. ఒకదానికి ఎర్రలైటు వేసే చేత్తోనే రెండోదానికీ వేస్తాడు."

"ఆయన లైటేసేదానికి ఎన్ని దినాలు పడతాది?"

"రెండు మూడు వారాలు. మొదటి పది దినాలు మాత్రం కొంచెం వికారం, నోరెండడం, తల తిరగడం ఉంటాది."

"అంటే నొప్పి పొయ్యేదానికి ముందు ఇంగో రోగమొస్తాదన్నమాట." మాత్రల అట్టను కిటికీలోంచి నా వైపు తోసేసింది. "వొద్దులేన్నా. గుంత పూడ్చుకోమని చెప్తా ఆయన్ని."

ఆ అట్ట నా చేతి కింద ఉంది. ఆమె వెనక్కి తిరుగుతోంది. నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది.

"అక్కా! నేను ఏడేండ్లుగా ఇదే మింగతా ఉండా."

"నువ్వా? నీకేం నొప్పి?"

"దినమంతా నిలబడే ఉజ్జోగం కదక్కా. నడుము."

కిటికీలోంచి నడుము దాకానే కనపడతాను. కనపడినంత మేరా నన్ను పరీక్షగా చూసి, అట్ట తీసుకుని సంచిలో వేసుకుంది.

నేను మింగని మాత్ర

అబద్ధాలాడేవాడికి జ్ఞాపకశక్తి ఉండాలంటారు. నాకు చదువు కూడా కావాల్సి వచ్చింది. ప్రతి వారమూ మంగక్క వచ్చి, "నీకెట్లుండెనన్నా?" అని మొదలుపెట్టేది.

"మొదటి వారం నీకు వాంతికొచ్చినట్టుండెనా?"

"ఉండకేమక్కా! ఆదివారం అయిదిడ్లీ తినేవాణ్ణి, ఒక్కటే తిన్నా."

"ఆ ఒక్కటన్నా నిలబడెనా?"

అక్కడ నాకు జవాబు తెలియదు. టీ తాగే వేళకు పరిగెత్తి డాక్టరమ్మను అడిగేవాణ్ణి. ముసలితనంలో వీడికి చదువు మీద బుద్ధి పుట్టిందని ఆమె సంతోషించి చెప్పేవారు. అట్లా నా అబద్ధం కోసం నేను నేర్చుకున్న నిజాలు ఇవి: పరగడుపున వద్దు, అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. నోరెండితే చెంబెడు నీళ్ళు ఒక్కసారిగా కాదు, పక్కనే పెట్టుకుని గుక్క గుక్కగా. మలబద్ధకానికి ఆకుకూర, నీళ్ళు. గుంతలోంచి చటుక్కున లేవకూడదు, అంచు మీద కూర్చుని పది లెక్కపెట్టి లేవాలి. కడుపులో పుండు ఉన్న మనిషి దీనితో పాటు సొంతంగా నొప్పి మాత్రలు కొనుక్కోకూడదు. క్యాప్సూల్ విప్పకూడదు, నమలకూడదు (ఒకాయన విప్పి పెరుగన్నంలో కలుపుకున్నాడు, పెరుగన్నాన్నీ డాక్టరునీ కలిపి తిట్టాడు). మనసు మరీ నల్లబడితే, లేనిపోని ఆలోచనలు వస్తే, ఆ రోజే డాక్టరు దగ్గరకు రావాలి.

ఇవన్నీ నా సొంత అనుభవాలుగా మంగక్కకు చెప్పాను. నాలుగో వారం ఆమె ఒక గంట నేసింది. మూడో నెలకు పూటంతా నేసింది. "పలక తొక్కతా ఉంటే నాకొక కాలుండాదనే మరిచిపోయినా అన్నా" అంది. నొప్పి తగ్గడమంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పినవాళ్ళను నేను పుస్తకాల్లో కూడా చూడలేదు.

ఆ సంతోషంలో కొండకు పోయి మొక్కుకుంది. ఆడికృత్తికకు మాల వేసుకుని, పాలకుండ నెత్తిన పెట్టుకుని, అన్ని మెట్లూ ఎక్కి వస్తానని. ఆ రోజే కొండ మీద ఒక కోతి ఆమె సంచి లాక్కుని, అందులోని అట్ట చించి, రెండు క్యాప్సూల్స్ తినేసింది. తర్వాత రెండు రోజులు ఆ కోతి ఎవరి చేతిలోని కొబ్బరికాయా లాక్కోలేదు. పెద్దమనిషిలా గోడ మీద కూర్చుని వచ్చేపోయే భక్తులను చూస్తూ ఉంది. నేనే స్వయంగా పోయి చూసి వచ్చాను.

మాల

ఆడి నెల వచ్చింది. మంగక్క పసుపుచీర కట్టి, మెడలో మాలతో కిటికీ దగ్గర నిలబడింది. సోమవారం, లైను గేటు దాకా ఉంది.

"అన్నా, మాల మీద ఉండంగా ఇంగ్లీషు మందు మింగొచ్చునా? మా వీధిలో కూడదంటా ఉండారు. నువ్వు యేటా మాలేస్తావు కదా, నువ్వేం చేస్తావు?"

చెప్పాల్సిన మాట నాకు తెలుసు. మాత్ర ఆపొద్దు, లోపలికి పోయి డాక్టరమ్మను అడుగు, అంతే. కానీ ఆమె వెనక లైనులో మా వీధివాళ్ళు ఇద్దరున్నారు. మాల మీద ఉండి మాత్రలు మింగుతాడని నన్ను అనుకుంటే? మింగని మాత్ర కోసం నా భక్తికి మచ్చ ఎందుకు?

"నేను ఆపేస్తానక్కా. మాల మీదుండే పది దినాలూ సామే చూసుకుంటాడు" అన్నాను. అంటూనే పక్కవాడి చీటీ అందుకున్నాను. మూడు క్షణాలు పట్టింది. ఏకాంబరం గారి మాట, ఇప్పుడు నేను చెప్పింది నువ్వు చెప్పు అనేది, నాకు గుర్తు రాలేదు. వచ్చి ఉంటే నా మాటను ఆమె నోటి నుంచి విని నాకే భయం వేసేది.

తర్వాతి సంగతి నరసింహులు చెప్పగా విన్నది. మూడో రోజుకు మంగక్కకు కన్ను తిప్పితే చాలు తలలో కరెంటు కొట్టినట్టు టక్కుమనేది. చెమటలు. ఊరికే ఏడుపు. నిలబడితే ఊగిపోయేది. ఆడి నెలలో, పసుపుచీరలో, మెడలో మాలతో ఒక ఆడమనిషి చెమటలు పట్టి ఊగుతూ ఏడుస్తుంటే మన ఊళ్ళలో ఏమనుకుంటారు? ఒంటి మీదకు సామి వచ్చిందనే. వీధి వీధంతా దిగింది. కర్పూరం వెలిగించారు, కాళ్ళకు నీళ్ళు పోశారు.

"సామీ, మా బోరులో నీళ్ళు పడతాయా?" అని ఒకాయన.

"నేను సామి కాదురా! మాత్ర మానేసినా!" అని మంగక్క.

"సామి ఏదో మాత్ర అడగతా ఉండాడు, ఏం మాత్ర సామీ?" అని ఇంకొకామె.

వాళ్ళను తప్పించుకుందామని మంగక్క ఇంట్లోకి పోయింది. ఆమెకు దాక్కోవడానికి తెలిసిన చోటు ఒక్కటే, మగ్గం. గుంతలోకి కాలు పెట్టబోయేసరికి తల తిరిగి లోపలికి పడిపోయింది. మడమ బెణికింది. నరసింహులు ఆమెను ఎత్తుకుని ఆటోలో వేసుకుని తిరుత్తణి వచ్చాడు. "సిమెంటు మూట తెచ్చి పెట్టేసినా. ఈ కృత్తిక కానీ, పూడ్చేస్తా" అన్నాడు నాతో. కోపం కాదు, భయం.

ఎవరు చెప్పారు?

నా కిటికీ ఎదుట వరండాలోనే పరీక్ష చేసిన సెల్వి డాక్టరమ్మకు అయిదు నిమిషాల్లో సంగతి అర్థమైంది. "మాత్ర సడన్‌గా ఆపినారా? ఆపమని యారు సొన్నా?" అన్నారు. ఎవరు చెప్పారని.

నేను ఫార్మసీ తలుపు తెరుచుకుని బయటికి వచ్చాను. వరండా అంతా నిశ్శబ్దమైపోయింది. తల ఎత్తుకునే పోయి ఆమె ముందు నిలబడ్డాను. "నేనే డాక్టరమ్మా. తప్పు నాది. ఏ శిక్ష వేసినా సరే" అన్నాను. డాక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఉన్ వాయ్‌దాన్‌యా ఉనక్కు ఎదిరి" అన్నారు. నీ నోరే నీకు శత్రువని. నేను ఆ మాటను ప్రసాదంలా స్వీకరించాను.

మాత్ర మళ్ళీ మొదలుపెట్టారు. రెండు రోజుల్లో తలలో కరెంటు తగ్గింది. ఆ రెండు రోజులూ మంగక్క వార్డులో ఉంది. డాక్టరమ్మ ఆమెకు నెమ్మదిగా చెప్పారు: ఈ మాత్ర అక్కర్లేదనుకున్నప్పుడు మోతాదు తగ్గించుకుంటూ వారాల మీద మానాలి, ఒక్కసారిగా కాదు. మాలకూ మాత్రకూ తగాదా లేదు.

నేను మంచం పక్కన నిలబడ్డాను. "అక్కా, ఇంగో సంగతి. ఆ మాత్ర నేను ఒక్క దినం కూడా మింగలేదు."

"తెలుసన్నా."

"ఎట్లా తెలుసు?"

"ఏడేండ్లు మింగినోడికి నోరెండదా? పొద్దన్నించి సాయంత్రం దాకా వాగతానే ఉంటివి, ఒక్క గుక్క నీళ్ళు తాగింది నేను చూళ్ళేదు."

"తెలిసీ ఎందుకు మింగినావు?"

"నాకోసం ఒకాయన అంత కష్టపడి అబద్ధం చెప్తా ఉంటే, నేనొక మాత్ర మింగలేనా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "మాల సంగతి మాత్రం నిజమే అనుకుంటినన్నా. సామి పేరు పెట్టినావు కదా."

ముప్ఫై ఏళ్ళలో నాకు తగిలిన దెబ్బ అదొక్కటే.

ఆ ఆడికృత్తికకు మడమ కట్టుతో ఆమె కొండ కిందే కూర్చుంది. పాలకుండ నెత్తిన పెట్టుకుని మెట్లెక్కింది నరసింహులు. సిమెంటు మూట కూడా వృథా పోలేదు. దానితో అతను గుంత పక్కన రెండు మెట్లు కట్టాడు, ఆమె పట్టు దొరికించుకుని మెల్లగా దిగడానికి. సగంలో ఆగిన చీర ఆ మరుసటి ఆవణి నెలలో మగ్గం దిగింది.

ఆ తర్వాత నా కిటికీ దగ్గర లైను ఎంత ఉన్నా, ఎవరు గొణిగినా, "ఇప్పుడు నేను చెప్పింది నువ్వు చెప్పు" అనకుండా మందివ్వలేదు.

ఎండిన నోరు

రెండేళ్ళ కిందట నాకు ఛాతీ మీద సర్పి లేచింది. మా వైపు అక్కి అంటారు. ఇన్నేళ్ళు మందులిచ్చినవాణ్ణి పోయి అక్కికి నాటువైద్యమని కుమ్మరాయన చేత ఎర్రమట్టితో సింహం బొమ్మ రాయించుకున్నాను. బొమ్మ బాగా వచ్చింది, నొప్పి పోలేదు. పొక్కులు మానినా మంట మిగిలిపోయింది. చొక్కా తగిలితే నిప్పు తగిలినట్టు ఉండేది. నిలబడి చేసే ఉద్యోగం అందుకే వదిలాను.

సెల్వి డాక్టరమ్మ రాసింది దిగులు మాత్రల కుటుంబంలోనే పాత కోడలు, అమిట్రిప్టిలిన్, చిన్న మోతాదు. చీటీ చూసి నేను అన్న మొదటి మాట, "నాకు దిగులేమీ లేదే డాక్టరమ్మా!" ముప్ఫై ఏళ్ళు కిటికీ ఇవతల నిలబడి నవ్వుకున్న మాట అదే.

నాలుక చెక్కముక్కలా అయింది. పొద్దున లేస్తే తల మబ్బుగా ఉండేది. మూడో రోజే మానేద్దామనుకున్నాను. విషయం తెలిసి మంగక్క ఆర్.కె.పేట నుంచి బస్సెక్కి మా ఇంటికొచ్చింది.

"నోరెండతా ఉండాదా అన్నా? తిరుత్తణికి మంచి దినాలొచ్చినాయి" అంది, మా ఇంటామె నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత కూర్చుని, గుక్క గుక్కగా నీళ్ళు, మంచం మీంచి పది లెక్కపెట్టి లేవడం, పొద్దున మబ్బుగా ఉంటే మాత్ర టైము గురించి డాక్టరమ్మను అడగడం, ఉన్నట్టుండి మానకపోవడం, అన్నీ చెప్పింది. నేను తల ఊపాను.

"తల ఊపేది కాదు. ఇప్పుడు నేను చెప్పింది నువ్వు చెప్పు."

అప్పజెప్పాను. నాలుగో వారానికి చొక్కా మళ్ళీ బట్టలా తగిలింది. ఏకాంబరం గారికి, డాక్టరమ్మకు, మంగక్కకు, అరక్కోణంలో సిగ్నలేసే ఆ కనపడని మనిషికి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

ఇక ప్రమాణం సంగతి. వరండా నిశ్శబ్దం, తల ఎత్తుకుని నిలబడడం, అంతా అబద్ధం. డాక్టరమ్మ అడిగినప్పుడు నేను కిటికీ లోపల వీపు తిప్పుకుని, సర్దిన డబ్బాలనే మళ్ళీ సర్దుతున్నాను. "నేనే మానేసినా డాక్టరమ్మా. నా సొంత తెలివి" అన్నది మంగక్క. తిట్లు ఆమే తిన్నది. నా వైపు చూడను కూడా చూడలేదు, చూస్తే దొరికిపోతానని. ఆ తమిళ తిట్టు నాకు నేను పెట్టుకున్నది. డాక్టరమ్మకు ఈ సంగతి ఇదివరకు తెలియదు. ఈ కాగితాలు ఎవరైనా తమిళంలో చదివి చెప్తే ఇప్పుడు తెలుస్తుంది.

అచ్చుకిచ్చే ముందు మంగక్కకు చదివి వినిపించాను. "ఆ ఒక్కచోట బాగా రాసినావన్నా. అట్లనే ఉండనీ" అంది. ఉంచాను. దాని కింద ఇది కూడా రాశాను.

కోతి కథ అబద్ధమనుకుని ఉంటారు. అది నిజం.

నాలుక పిడచగట్టింది. పక్కన చెంబుంది. గుక్క గుక్కగా తాగుతున్నాను.